పాత టయోటా ఫార్చ్యూనర్ కొనాలనుకుంటే: ఏమేం చూడాలి, కొన్నాక ఏం చేయించాలి

టయోటా ఫార్చ్యూనర్ మొదటి తరం బండి మన దేశంలో 2009 ఆగస్టులో విడుదలై, 2016 నవంబరులో రెండో తరం వచ్చేదాకా అమ్ముడుపోయింది. ఆ ఏడేళ్లలో రోడ్డెక్కిన బండ్లు ఇప్పుడు మన కార్ కన్సల్టెన్సీలలో కొత్త చిన్న కారు ధరకే దొరుకుతున్నాయి. టయోటా ఇంజిన్‌కు ఏమీ కాదన్న నమ్మకంతో చాలామంది రంగు, టైర్లు, సీటు కవర్లు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. సరిగ్గా చూసుకున్న 3.0 లీటర్ల డీజిల్ ఇంజిన్ మూడు లక్షల కిలోమీటర్లు దాటి కూడా నమ్మకంగా నడుస్తుంది. అయితే ఆ మన్నిక కొన్ని చిన్న భాగాలను వేళకు మార్చడం మీదా, ఆయిల్ మీదా ఆధారపడి ఉంటుంది. ముందటి యజమాని ఆ పనులు చేయించాడో లేదో తెలుసుకోవడమే మీ తనిఖీలో అసలు పని.

మొదట: ఏ బండి వెతకాలో తేల్చుకోండి

2009లో వచ్చింది ఒకే రకం: 2982 సీసీ డి-4డి ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే ఫోర్ బై ఫోర్. 2012 జనవరిలో ముందు భాగం రూపు మార్చి, వెనక చక్రాలకే శక్తి వెళ్లే టూ బై ఫోర్ మాన్యువల్‌నూ ఆటోమేటిక్‌నూ తెచ్చారు. ఆ తర్వాత 2.5 లీటర్ల ఇంజిన్ కూడా వచ్చింది. ఇన్నోవాలోని ఇంజిన్ కుటుంబానికే చెందినది కాబట్టి దాని పని తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లో దొరుకుతాడు, కానీ ఇంత బరువైన బండికి దాని బలం చాలదని నా అభిప్రాయం. పొలం దారులు, ఏజెన్సీ ప్రాంతాల బురద రోడ్లు మీ నిత్య ప్రయాణంలో లేకపోతే 3.0 టూ బై ఫోర్ మాన్యువల్ ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ముందు చక్రాలకు శక్తి చేర్చే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఏవీ ఆ బండిలో ఉండవు గనుక వాటి ఖర్చూ ఉండదు.

బండి ముఖం చూసి మోడల్ సంవత్సరాన్ని అంచనా వేయకండి. 2010 బండికి 2013 బండి బంపరు, గ్రిల్లు, లైట్లు బిగించి అమ్మడం మామూలు విషయం. తయారైన నెల, రిజిస్ట్రేషన్ అయిన తేదీ ఆర్‌సీలోనే చూడాలి.

తర్వాత: బండి కన్నా ముందు కాగితాలు

రిజిస్ట్రేషన్ చెల్లుబాటు పదిహేనేళ్లు. 2009లో రిజిస్టరైన బండికి 2024తోనే ఆ గడువు తీరింది. ఆ తర్వాత నడపాలంటే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. అమ్మేవారు "అది చిన్న పనే" అంటే, ఆ చిన్న పనిని వారి పేరు మీద వారి చేతనే చేయించి, ఆ తర్వాత కొనండి. ఇంత పాత బండికి బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడతాయి, ఇచ్చినా వడ్డీ ఎక్కువ పడుతుంది. అందువల్ల డబ్బు ఏర్పాటు గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఢిల్లీ, హర్యానా బండ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు దేశ రాజధాని ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించగా, సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో దాన్ని సమర్థించింది. అప్పటి నుంచి అక్కడి బండ్లు ఎన్‌ఓసీతో (వేరే చోట రిజిస్టర్ చేసుకోవడానికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రంతో) హైదరాబాదుకూ, విజయవాడకూ తక్కువ ధరకు వస్తున్నాయి. వాటిలో మంచివి లేవని అనను. అయితే చెప్పిన ధరకు తోడు ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి. అది బండి వయసునూ, కొత్తప్పటి ధరనూ బట్టి ఉంటుంది కాబట్టి ఖరీదైన బండికి పెద్ద మొత్తమే అవుతుంది. ఎన్‌ఓసీ మీ జిల్లా ఆర్‌టీఓ పేరుకే ఉందా, అక్కడి ఫైనాన్సు తీరిపోయిందా, చలానాలు మిగిలి ఉన్నాయా అన్నవి చూడకుండా కొంటే, బండి మీ ఇంటి ముందు ఉన్నా మీ పేరు మీదకు రాదు. ఇతర రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలకు మించి నడపడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు.

స్థానిక బండి అయితే హైపోథికేషన్ (ఆర్‌సీలో నమోదైన అప్పు తాకట్టు) తొలగిందా, ఎంతమంది యజమానులు మారారు, ఇన్సూరెన్సులో పెద్ద క్లెయిములు ఉన్నాయా అన్నవి చూస్తే చాలు. ఛాసిస్ రైలు మీద చెక్కిన నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. ఆ చోట గీకి, మళ్లీ రంగు వేసిన గుర్తులు కనిపిస్తే ఇక ముందుకు వెళ్లవద్దు. ఛాసిస్ నంబరు చెప్పి, రీకాల్ పని (లోపం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి చేసే మరమ్మతు) ఏదైనా మిగిలి ఉందేమో కంపెనీ షోరూములో అడగండి.

మీటరు మీద నమ్మకం పెట్టుకోకండి

పన్నెండేళ్ల ఫార్చ్యూనర్‌కు మీటరు 80,000 చూపిస్తే సంతోషించవద్దు, అనుమానించండి. ఇవి ఎక్కువగా దూరప్రయాణాలకూ, కాన్వాయ్‌లకూ, వ్యాపార పనులకూ తిరిగిన బండ్లు. షోరూములో రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చి పాత సర్వీసు వివరాలు తీయించమని అమ్మేవారినే అడగండి. ప్రతి సర్వీసు దగ్గర నమోదైన కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ రావాలి. 2018లో 1,60,000 ఉన్న బండి ఇప్పుడు 1,10,000 చూపుతుంటే మరో మాట అక్కర్లేదు. కాగితాలు లేకపోతే బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు కుడి అంచు, గేరు నాబ్ చూడండి. వీటిలో ఒకటి రెండు కొత్తగా మార్చి ఉంటే అవి మార్చవలసినంతగా ఎందుకు అరిగాయో అడగండి.

నా తీర్పు ఇది: పూర్తి సర్వీసు చరిత్ర ఉన్న 2,20,000 కిలోమీటర్ల బండి, ఏ కాగితమూ లేని 90,000 కిలోమీటర్ల బండి కన్నా మంచి కొనుగోలు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి

మీరు వెళ్లేసరికి బండి స్టార్టు చేసి ఉంచవద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. ఈ ఇంజిన్ లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి గనుక ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకముందు మీటరులోని హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి: ఇంజిన్, ఆయిల్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బ్యాటరీ. ఏదైనా వెలగకపోతే ఆ దీపాన్ని కావాలనే ఆపి ఉండవచ్చు. స్టార్టయ్యాక అన్నీ ఆరిపోవాలి. మొదటి నిమిషంలో కాస్త మోటు శబ్దం ఈ ఇంజిన్‌కు సహజం, కానీ ఒకే లయలో ఠకఠకమని గట్టిగా వినిపిస్తూ, వెనక నుంచి తెల్లపొగ, పచ్చి డీజిల్ వాసన వస్తే ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) కారుతున్నాయని అనుకోవాలి. నీలిపొగ అంటే ఇంజిన్‌లోనో టర్బోలోనో ఆయిల్ కాలుతోంది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటరు నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఆర్‌పీఎమ్ ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే డీజిల్ పంపు మీదుండే సక్షన్ కంట్రోల్ వాల్వ్‌ను అనుమానించవచ్చు. అది మార్చదగిన భాగమే, భయపడాల్సిన పని లేదు.

ఇక ఈ ఇంజిన్‌లో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇంజెక్టర్ల అడుగున ఉండే రాగి వాషర్లు. ఇంజెక్టరు కూర్చునే చోట మంటను లోపలే ఆపి ఉంచేవి ఇవే. ఇవి వదులైనప్పుడు సిలిండరులోని వేడి వాయువు ఇంజెక్టరు పక్కనుంచి పైకి తన్ని, పైనున్న ట్యాపెట్ కవరు లోపలికి చేరుతుంది. ఆ వాయువుతో వచ్చే మసి ఆయిల్‌లో కలిసి, ముందు చిక్కటి జిగురుగా, తర్వాత నల్లటి పెంకులుగా గట్టిపడుతుంది. ఆ పెంకులు సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారి, ఆయిల్ పంపు నోటి దగ్గరి జల్లెడను మూసేస్తాయి. ఆయిల్ నిండుగా ఉన్నా పైకి ఎక్కదు. ఐడిల్‌లో ఆయిల్ దీపం మిణుకుమనడం మొదలయ్యేనాటికే బేరింగులు దెబ్బతిని ఉండవచ్చు. కొద్దిపాటి ధర చేసే వాషరు వల్ల ఇంజిన్ మొత్తం విప్పవలసి రావడం ఈ బండిలో జరిగే అతి పెద్ద నష్టం, దాన్ని ముందుగా పట్టుకోవడం సాధ్యమే కాబట్టి ఇంతగా చెబుతున్నాను.

తనిఖీ ఇలా చేయండి. ఇంజిన్ ఆపి ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, సెల్‌ఫోను లైటు వేసి లోపలికి చూడండి. ఇనుము మీద పలచని నల్ల ఆయిల్ పొర కనిపిస్తే సరే, డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం సహజం. మూత లోపలి వైపు గానీ, కనిపించే భాగాల మీద గానీ వేలితో గీరితే ఊడివచ్చే గట్టి మసి పెచ్చులు ఉంటే జాగ్రత్తపడాలి. తర్వాత ఇంజిన్ స్టార్టు చేసి మూతను తిరగేసి ఆ రంధ్రం మీద ఊరికే ఆనించండి. కొద్దిగా కదలడం మామూలే. మూత ఎగిరిపడేంతగా, ఉఫ్ ఉఫ్‌మని పొగ కొడుతుంటే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనే స్థితి అది. వాషర్ల వల్ల కావచ్చు, పిస్టన్ రింగులు అరిగి కావచ్చు. ఏది కారణమో తేలేదాకా ధర మాట్లాడకండి.

ఇంజిన్ కంప్యూటరులోని వివరాలు చదివే స్కానరు ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు సిలిండర్ల ఇంజెక్షన్ దిద్దుబాటు విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికి బాగా దూరంగా ఉంటే ఆ ఇంజెక్టరు అలసిపోయినట్టే. ఇంజెక్టర్లు మార్చామని అమ్మేవారు చెబితే బిల్లు అడిగి, కొత్త ఇంజెక్టర్ల మీదుండే కోడ్‌ను ఇంజిన్ కంప్యూటరులోకి ఎక్కించారా అని కూడా అడగండి. ఆ పని చేయకుండా బిగిస్తే శబ్దం, పొగ, మైలేజీ ఏవీ సరిగ్గా ఉండవు.

టైమింగ్ బెల్టు: బిల్లు ఉంటేనే మారినట్టు

పిస్టన్లూ వాల్వ్‌లూ లయ తప్పకుండా నడిపేందుకు 3.0 ఇంజిన్‌లో ఉన్నది గొలుసు కాదు, రబ్బరు బెల్టు. అది తెగితే వాల్వ్‌లు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పైభాగం పాడవుతుంది. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాలి, కిలోమీటర్లు తక్కువైనా ఏళ్లు గడిచిన రబ్బరును నమ్మకూడదు. మార్చవలసిన సమయానికి మీటరులో టి-బెల్ట్ అనే దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని బెల్టు మార్చకుండానే ఆర్పేయవచ్చు, మీటరు తిప్పిన బండిలో అది వేళకు వెలగనే వెలగదు. అందువల్ల దీపం వెలగకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు కొన్న బిల్లు చూపలేకపోతే, మారలేదనే లెక్కవేసి ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. వాటర్ పంపు నుంచి కారిన గుర్తులు ఉంటే అదీ అప్పుడే మార్పించడం మేలు.

నడిపి చూడండి, కనీసం గంటసేపు

కాలనీలో ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తే ఏమీ తెలియదు. నగరపు రద్దీ, హైవే, ఒక ఎత్తు, ఒక గుంతల రోడ్డు ఉండే దారి ఎంచుకోండి.

నాలుగో గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటరు బాగా నొక్కండి. ఆర్‌పీఎమ్ పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కదిలేటప్పుడు బండి వణికితే క్లచ్ ప్లేటుతో పాటు ఫ్లైవీల్ కూడా చూడాల్సి వస్తుంది, ఈ బండికి అది చిన్న ఖర్చు కాదు. కదిలేటప్పుడో ఆగేటప్పుడో కిందనుంచి ఠక్కుమనే దెబ్బ వినిపిస్తే చాలాసార్లు ప్రొపెల్లర్ షాఫ్టుకు గ్రీజు పట్టించకపోవడమే కారణం. గ్రీజు పెట్టాక కూడా పోకపోతే యూనివర్సల్ జాయింట్లు అరిగాయి. ఆటోమేటిక్ అయితే గేరు పడేటప్పుడు కుదుపు ఉండకూడదు, ఆయిల్ డిప్‌స్టిక్కు ఉంటే తీసి వాసన చూస్తే మాడిన వాసన రాకూడదు.

మొదటి తరం ఫార్చ్యూనర్‌కు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బండి బరువుకు తగినంత చురుగ్గా బ్రేకు పట్టదన్న ఫిర్యాదు కొత్తప్పటి నుంచీ ఉంది, కాబట్టి కొంత మెత్తదనాన్ని దాని స్వభావంగా తీసుకోవాలి. అయితే హైవే వేగం నుంచి ఆపేటప్పుడు స్టీరింగ్ ఊగినా, బండి ఒక పక్కకు లాగినా, పెడల్ మెల్లగా కిందికి దిగిపోయినా అది స్వభావం కాదు, లోపం.

గుంతల్లో ముందు నుంచి వచ్చే శబ్దాలను లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్ల దగ్గర వెతకాలి. బండిని జాక్ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, బాల్ జాయింటు దగ్గర ఆట ఉందేమో మెకానిక్ చేత చూపించండి. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, దాన్ని వాయిదా వేయకూడదు. ఫోర్ బై ఫోర్ అయితే మట్టినేల మీద ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా కలిపే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ వేసి దీపం వెలుగుతుందో లేదో చూడండి, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు ఇచ్చే లో రేంజ్‌కు కూడా ఒకసారి మార్చండి. లాక్ వేసిన బండిని తారు రోడ్డు మీద మలుపు తిప్పకండి. ఎప్పుడూ నాలుగు చక్రాలూ పనిచేసే ఈ బండికి టైర్లు నాలుగూ ఒకే కొలత, ఒకే అరుగుదల ఉండాలి. అసలు కొలత 265/65 ఆర్17. వెడల్పాటి టైర్లు, పెద్ద రిమ్ములు బిగించిన బండిలో స్టీరింగ్ రాక్, హబ్ బేరింగులు ఎక్కువగా అరుగుతాయి.

ఏసీని మధ్యాహ్నం ఎండలోనే పరీక్షించాలి. రెంటచింతల ఎండలో మూడో వరుసలో కూర్చునేది మీ పిల్లలే అయితే, వెనక పైకప్పు గాలి రంధ్రాల దగ్గర చేయి పెట్టి చూడటం మరవకండి. ఏసీ పూర్తిగా నడుస్తూ, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నా ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలబడాలి.

కిందకు దూరి చూడవలసినవి

ఇది నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద కట్టిన బండి. బాడీ ఎంత మెరిసినా ఛాసిస్ వంకర అయితే లాభం లేదు. ర్యాంపు మీదకు ఎక్కించి రెండు ఛాసిస్ రైళ్లనూ ముందునుంచి వెనకదాకా టార్చి వేసి చూడండి. మళ్లీ వెల్డింగ్ చేసిన గీతలు, ఒక్కచోటే దళసరిగా పూసిన నల్లరంగు కనిపిస్తే ప్రమాదం జరిగినట్టే. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన బండికి వెనక బంపరు దగ్గరి ఛాసిస్ కొసలు, బ్రేకు పైపులు తుప్పు పట్టి ఉంటాయి. పైపైన ఎర్రబారడం వేరు, స్క్రూడ్రైవరుతో పొడిస్తే పొరలు రాలడం వేరు.

వరద నీటిలో మునిగిన బండ్ల విషయంలో మన ప్రాంతం వారికి మరీ జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి కొసన బురద మరక ఉందేమో, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో, కార్పెట్ ఎత్తితే అడుగున ఒండ్రు వాసన వస్తుందేమో చూడండి. మునిగిన బండి ఇంజిన్ బాగుచేసినా వైరింగ్ ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది, ఎంత తక్కువకు వచ్చినా వద్దు.

కొన్నాక మొదటి నెలలో

బండి ధరలో కనీసం పదిహేను శాతం విడిగా పెట్టుకుని కొనండి. ముందుగా టైమింగ్ బెల్టు, టెన్షనరు. ఆ వెంటనే సంపు విప్పించి జల్లెడను మీ కళ్లతో చూడండి. మసి ఉంటే జల్లెడ శుభ్రం చేయించి, నాలుగు ఇంజెక్టర్ల వాషర్లూ, సీళ్లూ ఒకేసారి మార్పించండి. ఒక్కదాన్ని మార్చి మూడింటిని వదిలేయడం వృథా. డీజిల్ ఫిల్టరు మార్పించి, నీళ్లు చేరే గిన్నెను ఖాళీ చేయించండి, ఈ ఇంజెక్టర్లు నీటినీ కల్తీ డీజిల్‌నూ తట్టుకోలేవు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిళ్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ అన్నీ ఒక వారంలో మార్చేస్తే ఆ తేదీ నుంచి మీ లెక్క మొదలవుతుంది.

విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ సులువుగా దొరుకుతాయి. బంపర్లు, అద్దాలు, డోర్ల వంటివి పాతవి తీసుకున్నా ఫరవాలేదు. బెల్టు, వాషర్లు, బాల్ జాయింట్లు, ఫిల్టర్లు మాత్రం కంపెనీవే, బిల్లుతో కొనండి. అదే డబ్బాలో నకిలీవి కూడా వస్తాయి.

ఈ ఇంజిన్‌కు ఫిల్టరుతో కలిపి సుమారు 7 లీటర్ల ఆయిల్ పడుతుంది. మొదటిసారి పోయించిన ఆయిల్‌ను 5,000 కిలోమీటర్లకే తీయించండి, పాత మసిని అది కడిగి బయటకు తెస్తుంది. అప్పుడు తీసిన ఫిల్టరును పారేయనివ్వకుండా కోయించి, లోపలి కాగితపు మడతలు విప్పి తెల్లటి గుడ్డ మీద పరచండి. మసి మాత్రమే ఉంటే ఇకపై 10,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చుకుంటూ నడపవచ్చు. ఎండలో తళుక్కుమనే లోహపు రజను కనిపిస్తే బండిని నడపడం ఆపి, బేరింగులు చూపించండి.